ఆడవాళ్ళ గేటు మీద దండ

తిమ్మరాజుపాడు డేరా హాల్లో ఆడవాళ్ళ గేటు దగ్గర టికెట్లు చింపే ఎలీసమ్మకు ఊరి ఆడవాళ్ళలో ఇంకో పేరుండేది. సెన్సారమ్మ. వెక్కిరింపుకే పెట్టారు గాని ఆవిడ దాన్ని బిరుదులాగా పుచ్చుకుంది. ఎవరైనా "సెన్సారమ్మా" అని పిలిస్తే పైట సర్దుకుని మరీ పలికేది. ఆ పేరు ఎలా వచ్చిందో, ఎలా పోయిందో చెప్పాలంటే ముందు ఆ హాలు సంగతి చెప్పాలి.

చీరాల నుంచి పర్చూరు వెళ్ళే దారిలో, మిరపచేలకూ పత్తిచేలకూ నడుమ ఉన్న ఊరది. ఎనభైల మొదట్లో అక్కడ సినిమా అంటే శేషాచలం డేరా ఒక్కటే. చుట్టూ తాటాకు తడికలు, పైన అతుకుల మీద అతుకులు పడ్డ గుడారం, లోపల ఇసుక నేల, దాని మధ్యలో నడుమెత్తు మట్టిగోడ. గోడకు ఇవతల ఆడవాళ్ళు, అవతల మగవాళ్ళు. ఉన్నది ఒక్కటే ప్రొజెక్టరు కావడంతో రీళ్ళు మార్చడానికి ఆట మూడుసార్లు ఆగేది. పట్నం వాళ్ళకు ఒక్క ఇంటర్వెల్, మనకు మూడు అని ఊరివాళ్ళు గొప్పగానే చెప్పుకునేవాళ్ళు.

మొగుడు జక్రయ్య పోయాక ఎలీసమ్మ కల్లాల్లో మిరపకాయలు ఏరే పనికి వెళ్ళేది. ఎర్రకాయ ఒక పక్కకు, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయ ఒక పక్కకు. చేతులు ఎంత పని చేసేవో నోరూ అంత పని చేసేది. ఆ నోరు చూసే శేషాచలం ఆమెను పిలిచి గేటు అప్పగించాడు. ఆడవాళ్ళ వైపు తొంగిచూసే కుర్రకారును తరమడానికి అంతకంటే తగిన మనిషి ఆ చుట్టుపక్కల లేదు. టికెట్లిచ్చే కిటికీలో ఖాజాబీ కూర్చునేది. ఇద్దరూ వదినా అంటే వదినా అని పిలుచుకునే వరస. ఆట మొదలయ్యాక తడికకు ఆనుకుని, ఒకే గ్లాసు టీ చెరి సగం తాగుతూ సినిమా చూసేవాళ్ళు. ఒకరింట్లో కూర ఉడికితే ఇంకొకరింటికి గిన్నె వెళ్ళేది.

రెబ్కా ఎలీసమ్మ ఇంటి పక్క పిల్ల. చర్చి వెనక వీధి. అంతకు ముందు ఏడు పత్తి తీతల్లో ఆ పిల్లకు జరగరానిది జరిగింది. ఎవడు చేశాడో ఊరందరికీ తెలుసు. పెద్దమనుషులు కూర్చున్నారు, లేచారు, చివరికి పిల్ల బతుకు బజారున పడుతుందని చెప్పి అందరి నోళ్ళూ కుట్టేశారు. అప్పటి నుంచి రెబ్కా గుమ్మం దిగేది కాదు. "ఎన్నాళ్ళే ఆ మూల? కాసేపు నవ్వుకుని వద్దువు గాని, రా" అని ఎలీసమ్మే చెయ్యి పట్టుకుని ఒకరోజు సినిమాకు లాక్కొచ్చింది.

ఆట మొదట్లో తెర మీద సెన్సారు కాగితం పడింది. మద్రాసులో ఎవరో పెద్దలు ముందుగా చూసి, పిల్లాజెల్లా అందరూ చూడొచ్చని అచ్చంగా ముద్ర కొట్టి పంపిన సినిమా. కుటుంబ కథ. అన్నదమ్ములు, గృహప్రవేశం, పాయసం. రెండో ఇంటర్వెల్ అయ్యాక ప్రతినాయకుడు హీరో చెల్లెల్ని గడ్డివాము వెనక్కు ఈడ్చుకుపోయాడు. ఆ సీను ఎంతసేపు సాగిందంటే, తీసినవాడికి అది తప్ప సినిమాలో ఇంకేమీ నచ్చలేదేమో అనిపించేంత సేపు. మట్టిగోడకు అవతల మగవాళ్ళు ఈలలు వేశారు.

రెబ్కా లేచి పరుగెత్తింది. గేటు దగ్గర ఎలీసమ్మ పట్టుకోబోతే విదిలించుకుని బయట ఇసుకలో కూలబడింది. ఎలీసమ్మ పక్కన కూర్చుని తన పైట కొంగు ఆ పిల్ల భుజాల మీద కప్పింది.

"ముందు ఎవరన్నా చెప్పుంటే రాకపోదును పిన్నీ," అంది రెబ్కా.

ఆ మాట ఎలీసమ్మకు ముల్లులా దిగింది. నిజమే, ఎవరు చెప్పాలి? మద్రాసు పెద్దలు చూశారు. వాళ్ళకు గడ్డివాము కనిపించే ఉంటుంది. అయినా ముద్ర కొట్టారంటే, ఆ సీను చూసి ప్రాణం పోయేంత పనయ్యే మనిషి ఒకతె నేల టికెట్టు కొనుక్కుని వస్తుందని వాళ్ళ ఊహకు అందలేదన్నమాట. ఇక నుంచి నేనే చెబుతాను అనుకుంది ఎలీసమ్మ.

చెప్పడం అనుకున్నంత తేలిక కాదు. మరుసటి వారం గేటు దగ్గర నిలబడి "ఇందులో పాడు సీను ఉందమ్మా, చూసుకుని వెళ్ళండి" అని గొంతెత్తి చెప్పింది. అది ఆడవాళ్ళ కంటే ముందు తడిక అవతలి మగవాళ్ళకు వినబడింది. వాళ్ళు కేరింతలు కొట్టి ఇంకో పదిమందిని వెంటబెట్టుకొచ్చారు. ఆడవాళ్ళేమో సిగ్గుతో తలవంచుకుని వెనక్కు పోయారు. ఎలీసమ్మకు ఒళ్ళు మండింది. నోటితో చెప్పే సంగతి కాదని అప్పుడు అర్థమైంది.

శేషాచలానికి దిష్టి పట్టింపు ఎక్కువ. శుక్రవారం కొత్త సినిమా పెట్టె దిగగానే రెండు గేట్లకూ నిమ్మకాయ, మిరపకాయలు, బొగ్గుముక్క దారానికి గుచ్చి కట్టించేవాడు. ఆడవాళ్ళ గేటుకు కట్టే పని ఎలీసమ్మదే. క్రైస్తవురాలివి, ఇదేం పనని పాస్టరుగారు అడిగితే "దిష్టి హాలుకండీ, నాక్కాదు" అని తేల్చేసింది. ఆ దండ వంక మగవాడెవడూ చూడడు. చూసినా దిష్టికే అనుకుంటాడు. ఇంకేం కావాలి?

మొదట దండకు ఏవేవో కట్టింది. చింతపిక్క, గవ్వ, పసుపుకొమ్ము, ఎర్రగుడ్డ పేలిక. ఏది దేనికో ఎవరికీ గుర్తుండేది కాదు. "ఇది దండా, సంతా వదినా?" అని ఖాజాబీ పడీపడీ నవ్వింది. నవ్వి, తీసెయ్యాల్సినవి తానే తీసేసింది. చివరికి ఇద్దరూ కూర్చుని కూలి ఆడవాళ్ళ చేతికి రోజూ తగిలే వస్తువులే మిగిల్చారు. ఎండుమిరపకాయ వేలాడితే సినిమాలో ఆడదాన్ని చెరిచే సీను ఉన్నట్టు. తాలుకాయ అయితే బూతు మాటలు, క్లబ్బు డాన్సులు. విచ్చిన పత్తికాయ అయితే ఏడుపు ఎక్కువ, పసిబిడ్డో తల్లో పోతారు, బాలింతలు రావద్దు. బొగ్గు అయితే దయ్యాలూ రక్తం, పిల్లలు జడుసుకుంటారు. నిమ్మకాయ ఒక్కటే ఉంటే ఇంటిల్లిపాదీ నిశ్చింతగా వెళ్ళొచ్చు. దండ అసలే లేకపోతే ఇంకా చూడలేదని అర్థం. అందుకే తొలిరోజు ఆట ఎలీసమ్మ ఒక్కతే గుడ్లప్పగించి చూసేది, దండ శనివారం ఎక్కేది; మంచి నిమ్మకాయలు దొరకలేదని శేషాచలానికి సర్దిచెప్పేది.

దారానికి మూడు ముడులు వేసేది. మూడూ మూడు ఇంటర్వెల్లు. రెండో ముడి కింద మిరపకాయ ఉంటే రెండో ఇంటర్వెల్ తర్వాత ఆ సీను. అప్పుడు లేచి బయటికొచ్చి, సోడాయో బజ్జీయో తిని, అది అయిపోయాక లోపలికి పోవచ్చు. ఇది రెబ్కా కోసం కనిపెట్టిన ఏర్పాటు. ఆ పిల్ల సినిమాలు చూడాలి, కానీ ఆ ముక్క చూడకూడదు.

ఒకరికొకరు చెప్పుకుని కూలి ఆడవాళ్ళందరికీ దండ భాష వచ్చేసింది. ఎవరూ పైకి అనేవారు కాదు. గేటు దగ్గరికి వచ్చి, కొప్పు సర్దుకుంటున్నట్టు తల ఎత్తి, ఒక్క చూపు చూసి టికెట్టుకు చేయి చాపేవాళ్ళు. ఎలీసమ్మ తప్పులు కూడా చేసింది. ఒకసారి పాము పడగ ఎత్తిందని బొగ్గు కట్టింది. అది పాటలు పాడుతూ అందరినీ కాపాడే మంచి పాము. పిల్లలకు చూపించలేకపోయామని తల్లులు వారం రోజులు ఆడిపోసుకున్నారు. "పాము పామే" అని ఎలీసమ్మ మాత్రం దిగిరాలేదు. ఆడవాళ్ళ నేల మునుపటికంటే నిండింది. కోడళ్ళను ఎన్నడూ పంపని అత్తలు కూడా "ఎలీసమ్మ దండ చూసుకుని వెళ్ళండే" అని పంపసాగారు. ఆవిడ ఆనందానికి హద్దు లేదు. పాము సంగతికి వెక్కిరింపుగా పెట్టిన సెన్సారమ్మ పేరు అప్పుడు వచ్చిందే.

రెబ్కా మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది. పొన్నూరు సంబంధం కుదిరి పెళ్ళయి వెళ్ళింది. పత్తిచేలో సంగతి అత్తింటివాళ్ళకు తెలియదు, తెలియనివ్వకూడదని వీధి మొత్తం ఒట్టు పెట్టుకుంది.

తర్వాత సంవత్సరం మిరపకోతల కాలంలో సింగరాయకొండలో ఎలీసమ్మ అన్నకు పక్షవాతం వచ్చిందని కబురొచ్చింది. గురువారం బస్సెక్కే ముందు ఖాజాబీ దగ్గరికి వెళ్ళింది.

"రేపటి ఆట నువ్వు చూడు వదినా. చూసింది చూసినట్టు కట్టు. నా కళ్ళు నీకు ఇచ్చి పోతన్నా."

"దాందేముంది వదినా, నువ్వు నిమ్మళంగా వెళ్ళిరా," అంది ఖాజాబీ.

మంగళవారం పొద్దుటికి తిరిగొచ్చింది. బిందె తీసుకుని బోరింగు దగ్గరికి వెళ్తే అక్కడున్న ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. ఒకావిడ నిండని బిందె ఎత్తుకుని నడిచిపోయింది. ఎలీసమ్మ పలకరిస్తే ముఖాలు తిప్పుకున్నారు. ఆవిడ ఊరుకునే మనిషా? ఒకావిడ కొంగు పట్టుకుని లాగింది.

"ఏమైందే మీకు? నేనేం చేశాను?"

"ఏం చేశావా? రెబ్కా కొంప ముంచావు. పోయి చూసుకో."

జరిగింది ఇది. రెబ్కా పుట్టింటికి వచ్చింది, వెంట అత్తగారూ వచ్చింది. శనివారం కూలి డబ్బులు అందిన రోజు. అందరూ సినిమాకు బయలుదేరుతుంటే అత్తగారు తానూ వస్తానంది. రెబ్కా గేటు దగ్గర తల ఎత్తి చూసింది. నిమ్మకాయ, మొదటి ముడి కింద ఒక పత్తికాయ. గేటు దగ్గర ఎలీసమ్మ కనిపించకపోయేసరికి కిటికీ దగ్గరికి వెళ్ళి అడిగింది. "ఎలీసమ్మే కట్టి వెళ్ళిందమ్మా" అంది ఖాజాబీ. రెబ్కా అత్తగారిని ముందు వరసలో కూర్చోబెట్టింది.

మూడో ఇంటర్వెల్ తర్వాత ఆ సీను వచ్చింది. ఈసారి తీసినవాళ్ళు పత్తిచేలోనే తీశారు. రెబ్కా కేక పెట్టి పడిపోయింది. అందరూ మూగారు, నీళ్ళు చల్లారు. కోడలికి ఏమైందో తెలియక అత్తగారు కంగారు పడుతుంటే, వెనక నుంచి ఎవరో ముసలావిడ జాలి కొద్దీ "పాపం పిచ్చిపిల్ల, తనకు జరిగింది కళ్ళముందు మెదిలింది" అనేసింది. ఏళ్ళ తరబడి వీధి మొత్తం దాచిపెట్టింది ఆ ఒక్క జాలిమాటతో బయటపడింది. తెల్లారి మొదటి బస్సుకు అత్తగారు ఒక్కతే పొన్నూరు వెళ్ళిపోయింది.

ఎలీసమ్మ రెబ్కా ఇంటికి పరుగెత్తింది. ఆ పిల్ల పెరట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎలీసమ్మ గబగబా చెప్పుకుపోయింది, నేను ఊళ్ళోనే లేను, ఆ సినిమా నేను చూడలేదు, ఆ దండ నాది కాదు అని. రెబ్కా అంతా విన్నది.

"నేను సినిమా చూడ్డానికి రాలేదు పిన్నీ. దండ చూసి వచ్చాను," అంది. అని లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

సాయంత్రం గేటు తీసే వేళకు ముందే ఎలీసమ్మ హాలుకు వెళ్ళింది. దండ ఇంకా వేలాడుతోంది. ముడులు చూసింది. తాను నేర్పిన ముడులే, ఖాజాబీ ఎడమచేతి వాటం కాబట్టి తిరగబడి పడ్డాయి. దాన్ని తెంపి పట్టుకుని కిటికీ దగ్గరికి పోయింది. ఖాజాబీ టికెట్ల కట్ట సర్దుకుంటోంది. తల ఎత్తి చూసి మళ్ళీ దించుకుంది.

"నువ్వు శుక్రవారం ఆట చూశావా, లేదా?"

"చూశాను వదినా."

చూడలేదని అంటుందేమోనని ఎలీసమ్మ దారంతా ఆశపడుతూ వచ్చింది. చూడలేదంటే తిట్టి, నాలుగు రోజులు మాట్లాడకుండా ఉండి, మళ్ళీ కలిసిపోయి ఉండేది. ఇప్పుడు ఆ దారీ మూసుకుపోయింది.

"చూసి కూడా మిరపకాయ ఎందుకు కట్టలేదే?"

"దండ సంగతి శేషాచలంగారికి తెలిసిపోయింది, మిరపకాయ వద్దన్నాడు. కొత్త సినిమా, బోలెడు పోసి తెచ్చాడు. కోతల కాలంలో ఆడవాళ్ళు నిండకపోతే డేరా ఎత్తేసి కనిగిరి వైపు పోతానన్నాడు. అప్పుడు నేనెక్కడికి పోను? నువ్వెక్కడికి పోతావు? మళ్ళీ కల్లంలో మిరప ఘాటు మింగుతూ కూర్చుంటావా? నీ కూడు గురించి కూడా చూశాను వదినా."

"నా కూడు సంగతి నన్నడగొద్దా?"

"అడిగితే ఒప్పుకునేదానివా?"

ఒప్పుకునేది కాదు, అది ఇద్దరికీ తెలుసు. ఎలీసమ్మ దండను కిటికీ చెక్క మీద పెట్టింది.

"సరే, కట్టావు. నా పేరెందుకు చెప్పావు? కట్టింది నువ్వేనని చెప్పకపోయావా?"

ఖాజాబీ కళ్ళు తుడుచుకుంది. "నా పేరు చెబితే ఎవరొస్తారు వదినా?" అంది.

ఆ మాట అబద్ధమైతే బాగుండేది. శేషాచలం చేసినదానికి ఎలీసమ్మకు అంత బాధ లేదు, ఆయనది వ్యాపారం, ఆయన చెప్పినా ఆడవాళ్ళు నమ్మరు. తన ఎంగిలి టీ తాగిన మనిషి, సంతను దండగా మార్చిన మనిషి, ఏ నమ్మకం ఎక్కడుందో లోపలినుంచి తెలిసిన మనిషి, సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టింది. గేటు దగ్గరికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఆ సాయంత్రం టీ గ్లాసు రాలేదు, ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

ఎలీసమ్మ ఓర్చుకుని మౌనంగా ఉన్నదనుకోకండి. మర్నాడే బోరింగు దగ్గర నిలబడి జరిగిందంతా అరిచి చెప్పింది. ఖాజాబీని పేరుపెట్టి దుమ్మెత్తిపోసింది. ఆడవాళ్ళు విన్నారు. కొందరు నమ్మారు కూడా. కానీ ఒకావిడ బిందె చంకనెత్తుకుంటూ "ఏమోనమ్మా, మొన్నటిదాకా మీరిద్దరూ ఒకటేగా" అని వెళ్ళిపోయింది. సంగతి పైకి చెప్పకపోవడమే ఆ దండకు బలం. ఇప్పుడు అదే ఎలీసమ్మ గొంతుకు ఉరైంది.

శుక్రవారం కొత్త పెట్టె దిగింది. ఎలీసమ్మ రెప్ప వేయకుండా చూసింది. నిజంగానే మంచి సినిమా, చంటిపిల్లలు కూడా చూడొచ్చు. శనివారం మూడు ముడులు వేసి, అన్నిటికంటే పచ్చగా ఉన్న నిమ్మకాయ ఏరి ఒక్కటే కట్టింది. మొదటి ఆటకు ఆడవాళ్ళు వచ్చారు, కూలి డబ్బులు అందాయిగా మరి. గేటు దగ్గర తల ఎత్తి దండ చూశారు. చూసి ఎవరూ టికెట్టుకు చేయి చాపలేదు. తడిక పక్కన, ముందురోజే ఆట చూసిన తాగుబోతు ఒకడు చుట్ట కాలుస్తూ నిలబడి ఉన్నాడు. వాళ్ళలో ఒకావిడ అతని దగ్గరికి వెళ్ళి, పైట నోటికి అడ్డం పెట్టుకుని "అన్నా, లోపల ఏమన్నా ఉందా?" అని అడిగింది. వాడు పళ్ళికిలించి "ఏమీ లేదులే, వెళ్ళండి" అన్నాడు. అప్పుడు వచ్చి చేతులు చాపారు.

ఎలీసమ్మ ఒక్కొక్కరి టికెట్టూ చింపి లోపలికి పంపింది. ఎవరి ముఖమూ చూడలేదు.

నెల తిరిగాక రెబ్కా పెనిమిటి వచ్చి ఆ పిల్లను తీసుకెళ్ళాడు, మనిషి మంచివాడే. రెబ్కా వెళ్తూ వీధిలో అందరికీ చెప్పి వెళ్ళింది, ఎలీసమ్మ గుమ్మం ముందు మాత్రం ఆగలేదు. ఆ మరుసటి ఏడు శేషాచలం డేరా ఎత్తుకుని కనిగిరి వెళ్ళనే వెళ్ళాడు. ఖాజాబీ కాపాడిన కూడు అంతవరకే వచ్చింది.

ఆ మధ్యకాలంలో ఎలీసమ్మ గేటుకు దండ కట్టడం మానలేదు, శేషాచలం మాననివ్వడు. ముడులు మాత్రం వేయలేదు. నిమ్మకాయ, చేతికి దొరికిన మిరపకాయలు, బొగ్గుముక్క గుచ్చి వేలాడదీసేది. ఊరికి కొత్తగా కాపురానికొచ్చిన ఒక పిల్ల ఓరోజు చంకలో బిడ్డతో వచ్చి, పైకి చూసి, "ఈ దండ చూసుకుని లోపలికి వెళ్ళాలంట కదా పిన్నీ, ఇది దేనికి?" అని అడిగింది.

ఎలీసమ్మ ఆ బిడ్డ వంక చూసింది. లోపల ఏ సినిమా ఆడుతోందో ఆవిడకు తెలుసు, ఏ రీలులో ఏముందో తెలుసు.

"దిష్టికమ్మా," అంది, టికెట్టు చింపి సగం ముక్క ఆ పిల్ల చేతిలో పెడుతూ.